గంజి పెట్టిన దారం

బాలమల్లుకు ఈత రాదు. మోకాలు దాటి నీళ్లలో దిగితే కాళ్లు వణికేవి. అలాంటి మనిషి పద్నాలుగేళ్లు చేపల మధ్య బతికాడంటే దానికి కారణం చేపల మీద ప్రేమ కాదు, దగ్గు.

సిరిసిల్లలో మీసాలు రాకముందే సాంచెల పనిలో చేరాడు. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఆ మోతకు చెవులు సగం పోయాయి. అదేమంత లెక్కలోకి రాలేదు. అక్కడ అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి ఎవరి చెవులు పోయాయో ఎవరికీ తెలియదు. నూలు దుమ్ము మాత్రం ఛాతీలో చేరి కూచుంది. ముప్పై ఆరేళ్లు వచ్చేసరికి నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకునేవాడు. కరీంనగర్‌లో డాక్టరు అతని వీపు మీద గొట్టం పెట్టి విని, "మళ్ల ఆ దుమ్ములకు పోయినవంటే నేను జేసేది ఏం లేదు" అన్నాడు. భార్య నర్మద పక్కనే ఉంది. ఆమె బీడీలు చుట్టేది. బస్సులో ఇంటికి వస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఏడుపు వస్తుంది, బస్సులో ఏడిస్తే ఎవరు పోయారని నలుగురూ అడుగుతారు.

ఆ నెలలోనే జలపతిరావు సిరిసిల్ల వచ్చాడు. మానేరు ఒడ్డున నల్లగుంటపల్లెలో ఆయనకు భూములున్నాయి. వరి సరిగా పండని పల్లంలో గుంటలు తవ్వించి, చేపపిల్లల్ని పుట్టించి, చుట్టుపక్కల చెరువు సంఘాలకు ఇచ్చేవాడు. ఊళ్లో పాతవాళ్లు ఆయనను దొర అనేవాళ్లు. ఆ జిల్లాలో దొర అనిపించుకుని సంబరపడే రోజులు అప్పటికే పోయాయి కాబట్టి, "సారు అనుండ్రి, చాలు" అని ఆయనే చెప్పుకున్నాడు. చేప గుడ్లు పొదగడానికి నీళ్లలో దోమతెరలా వేలాడగట్టే గుడ్డ పెట్టెలు ఆయనకు కావాలి. నీళ్లు దాటిపోవాలి, గుడ్డు దాటకూడదు. బజారు గుడ్డ ఏదీ పనికిరాలేదు. బాలమల్లు ఇంట్లో మూలన పడ్డ తాతలనాటి చేతిమగ్గం దులిపి, అచ్చంగా అలాంటి గుడ్డే నేసి, పెట్టెలు కూడా తానే కుట్టి ఇచ్చాడు. జలపతిరావు దాన్ని ఎండకు ఎత్తి చూశాడు, చెంబుతో నీళ్లు పోసి చూశాడు.

"నువ్వు నా దగ్గర్కే రారాదు?" అన్నాడు.

"నాకు చేపలంటే కూరనే ఎర్క సారు."

"చాలు. మిగిలింది నేను నేర్పిస్త."

అలా 1984లో బాలమల్లు, నర్మద ఒక ఇనప్పెట్టె, ఒక చాప పట్టుకుని నల్లగుంటపల్లె గుంటల గట్టు మీది రేకుల గదిలోకి వచ్చారు. వల లాగే నాగయ్య గంగపుత్రుడు, నీళ్లలోనే పుట్టినట్టుండేవాడు. బాలమల్లు గట్టు అంచున భయం భయంగా నడవడం చూసి రోజూ నవ్వేవాడు. "మల్లన్నా, చేపలు కరువయి. మనమే వాటిని కరుస్తం" అనేవాడు. బాలమల్లు నవ్వించుకున్నాడు. గట్టు మీద గాలి చల్లగా ఉండేది. మూడు నెలలకు దగ్గు తగ్గింది, ఆరు నెలలకు పడుకుంటే నిద్ర పట్టింది. నాగయ్య నవ్వితే ఏం పోయింది?

రెండేళ్లు తిరిగాక ఓ పొద్దున ఒక చెరువు సంఘంవాళ్లు గంప తెచ్చి జలపతిరావు వాకిట్లో బోర్లించారు. గంపలో బొచ్చె చేపలు. వాళ్లు రెండేళ్ల కిందట ఇక్కడే పిల్లల్ని పట్టుకుపోయారు. రెండేళ్ల బొచ్చె అంటే రెండు చేతులతో ఎత్తాలి. ఇవి ఒంటి చేత్తో విసరదగ్గవి.

"సారు, గివి బొచ్చెలా, పరికలా?" అన్నాడు సంఘం పెద్ద. "మా చెరువుల మేత లేకనా అంటే, పక్కూరోళ్లు ఏడికెల్లో తెచ్చి ఏసిన పిల్లలు గిదే నీళ్లల్ల గింతగింత అయినయ్. మీ పిల్లలు ఎదుగయ్ సారు."

జలపతిరావు తల దించుకున్నాడు. ఆ ఇంటి మనిషి నలుగురి ముందు తల దించుకోవడం నాగయ్య పుట్టి బుద్ధెరిగాక చూడలేదట. ఆ ఏడు చుట్టుపక్కల చెరువులకు ఆ మాట పాకింది, నల్లగుంట పిల్లలు ఎదగవని. విత్తనం అమ్మేవాడికి అంతకంటే తిట్టు లేదు.

ఆయన ఎవరెవరినో కలిసి, ఏవేవో కాగితాలు చదివి వచ్చాడు. బాలమల్లును కూచోబెట్టుకుని చెప్పాడు. "మన దగ్గరున్న తల్లిచేపలన్నీ ఒక్క ఇంటియే. పన్నెండేండ్ల నుంచి అండ్లనే ఇచ్చుకుంటున్నం, అండ్లనే పుచ్చుకుంటున్నం. బయటి సంబంధం కలుపాలె. గోదావరిల పెరిగిన బొచ్చెలను తెచ్చి మన వాటితోటి జత కట్టియ్యాలె. పుట్టిన పిల్లలల్ల జోరుగ ఎదిగినయి ఏరి, వాటిని మళ్ల జత కట్టాలె. గట్ల రెండు మూడు కాన్పులు జేస్తె జాతి తిరుగుతది."

బాలమల్లుకు ఇది చప్పున అర్థమైంది. మేనరికాల మీద మేనరికాలు చేసుకున్న ఇళ్లు అతనికి తెలుసు.

చలికాలంలో చెన్నూరు దగ్గర గోదావరి జాలరులు పద్నాలుగు పెద్ద బొచ్చెల్ని పట్టి ఇచ్చారు. ట్రాక్టరు డబ్బాలో టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపి, వాటిని వేసుకుని బయల్దేరారు. నీళ్లు కదలకపోతే చేపలకు ఊపిరి ఆడదని ఎవరో చెప్పారు. ఈత రాని బాలమల్లు నడుం లోతు నీళ్లలో వాటి మధ్య కూచుని, చెన్నూరు నుంచి నల్లగుంటపల్లె దాకా అరచేతులతో నీళ్లు చిలుకుతూనే ఉన్నాడు. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి షిఫ్టు దిగినవాళ్లు చుట్టూ మూగారు. "ఏం కాకా, నీ బిడ్డలకు తానం పోస్తున్నవా?" అన్నాడొకడు. "అవ్ బిడ్డా, జర జరుగుండ్రి, గాలి తగలనియ్యిండ్రి" అన్నాడు బాలమల్లు నవ్వకుండా. ఇల్లు చేరేసరికి తొమ్మిది మిగిలాయి. ఊపిరి ఆడకపోవడమంటే ఏమిటో అతనికి తెలుసు కాబట్టి చచ్చిన అయిదింటినీ తలచుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఎండాకాలం నీళ్లు నిలిచేది ఒక్కటే గుంట. గోదావరి చేపలు తొమ్మిది, పాత తల్లిచేపలు ముప్పై రెండు, అన్నీ అందులోనే ఉండాలి. నాలుగు నెలలు ఒకే తవుడు, ఒకే పల్లి చెక్క తింటే ఏది ఎక్కడిదో దేవుడు కూడా చెప్పలేడు. గుర్తు కావాలి.

"దారం కడ్త సారు," అన్నాడు బాలమల్లు. తనకు తెలిసిన విద్య ఒకటి ఇక్కడ పనికొస్తున్నందుకు మొహం వెలిగిపోయింది. ఎర్ర నూలు మూడు పోగులు కలిపి పేనాడు. సన్న సూదితో వీపు రెక్క మొదట్లో గుచ్చి, ముడేసి, పసుపు రాశాడు. గోదావరి తొమ్మిదింటికీ ఎర్ర దారం, పాతవాటికి ఏమీ లేదు. రంగు దిగుతుందేమోనని జలపతిరావు అడిగితే, "సారు, నేను కట్టిన రంగు గుడ్డ చినిగినా దిగదు" అన్నాడు. ఆ మాట నిజమే, రంగు దిగలేదు.

కానీ పేనేటప్పుడు అలవాటు కొద్దీ దారానికి గంజి పట్టించాడు. గంజి పెడితే పోగు గట్టిపడుతుంది, ముడి జారదు. పుట్టిన దగ్గర్నుంచి గంజి పెట్టని పోగు అతని చేతికి రాలేదు. తాత పెట్టాడు, తండ్రి పెట్టాడు, తనూ పెట్టాడు. నాగయ్య పక్కనుంటే ఆ గంజి గిన్నె చూసి ఒక్క మాట అనేవాడేమో. ఆ రోజు నాగయ్య వల కడగడానికి పోయాడు.

ఎండలు ముదిరి గుంట సగమైంది. కాలువ నీళ్లతో ఎప్పుడు చొరబడ్డాయో, చిటికెన వేలంత పరికలు వేలకు వేలు ఉన్నాయి. తవుడు చల్లడానికి పోయినప్పుడు బాలమల్లు ఒక వింత చూశాడు. పెద్ద బొచ్చె పైకి తేలితే దాని వీపు చుట్టూ పరికలు మూగి, ముట్టీ ముట్టనట్టు తగులుతున్నాయి. నర్మదను పిలిచి మరీ చూపించాడు. "సూడు, తల్లి ఎంబడి పిల్లలు తిరిగినట్టు ఎట్ల తిరుగుతున్నయో." ఇద్దరూ గట్టు మీద కూచుని ముచ్చటపడ్డారు.

జూన్ మొదటివారంలో బాలమల్లు తల్లిచేపల కడుపులు చూడాలని వల లాగించాడు. జలపతిరావు హైదరాబాద్ పోయాడు. వల దగ్గరికి వచ్చి, నీళ్లు కుతకుతలాడి, చేపల వీపులు బయటపడ్డాయి. బాలమల్లు ఎర్ర దారాలు లెక్కపెట్టాడు. అయిదు. కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. అయిదు. చేతికి దొరికిన ఒక దారాన్ని పట్టి చూస్తే పోగులు విడిపోయి, కొసలు కొరికినట్టు పీచుపీచుగా ఉన్నాయి, ముడి వేలాడుతోంది. అప్పుడు తెలిసింది. పరికలు తల్లి వెంట తిరగలేదు, గంజి తిన్నాయి. తనే మేత పెట్టి, తనే గట్టు మీద కూచుని ముచ్చటపడ్డాడు.

"ఏమాయె అన్నా?" అన్నాడు అవతలి కొసన ఉన్న నాగయ్య.

"ఏం కాలే. ఇడిసిపెట్టు" అన్నాడు బాలమల్లు.

అక్కడే తప్పు జరిగింది. దారాలు పోవడం తప్పు కాదు, ఏం కాలేదనడం తప్పు. కానీ ఆ క్షణాన అతని కళ్ల ముందు చేపలు లేవు. సిరిసిల్లలోని రేకుల షెడ్డు, గాలిలో తేలే నూలు దుమ్ము కనిపించాయి. ఈ కొలువు పోతే ఇంకెక్కడికి పోవాలి? చేతకాని సాలాయనకు చేపలప్పగిస్తే ఇంతేనని ఊరు నవ్వుతుంది, సారు పొమ్మంటాడు, మళ్లీ సాంచె. మళ్లీ సాంచె అంటే ఏమిటో డాక్టరు చెప్పనే చెప్పాడు.

జలపతిరావు తిరిగొచ్చి, "చేపలెట్లున్నయి?" అని అడిగాడు. "కడుపులు మంచిగ దిగినయి సారు" అన్నాడు. అబద్ధం కాదు, అడిగినదానికి జవాబూ కాదు. ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. పొద్దస్తమానం గట్టు మీదే కూచుని ఏ వీపు మీదైనా ఎరుపు కనిపిస్తుందేమోనని నీళ్లలోకి చూసేవాడు. అన్నం ముందు కూచుంటే చెయ్యి కదిలేది కాదు. మూడో రోజు నర్మద నిలదీసింది. చెప్పేశాడు.

ఆమె బీడీల చాట పక్కన పెట్టింది. "నాలుగు చేపలు మందల కలిసినయంతే గదా. సచ్చిపోలే గదా. పోయి సారుకు చెప్పు. ఇయ్యాల చెప్తే తిట్టుతోటి పోతది. రేపటికి తన్నైతది."

"రేపు చెప్త."

"రేపా?"

"వాన పడంగనే చెప్త. సారు జర ఖుష్‌గ ఉంటడు."

వాన పడలేదు. మృగశిర వచ్చి వారమైనా ఆకాశం కంచు పళ్లెంలా మెరుస్తూనే ఉంది. గుంట రోజుకింత ఇంకిపోతోంది. చెప్పడం కూడా రోజుకింత వెనక్కి పోతోంది. చెప్పని మాట ఒక్కరోజుదైతే మరచిపోయాననవచ్చు, ఎనిమిది రోజులదైతే ఏమంటాడు?

తొమ్మిదో రోజున జలపతిరావు బావమరిది భూపాల్‌రావు, తన కొత్త వియ్యాలవారిని వెంటబెట్టుకుని, వేములవాడ దర్శనం చేసుకుని, దారిలో దిగాడు. ఆ ఇంట్లో ఒక మర్యాద ఉంది. గౌరవించదగ్గ చుట్టం వస్తే గుంటల్లో ఉన్నవాటిలోకల్లా పెద్ద బొచ్చెను పట్టాలి, దాని తలకాయ ఆ చుట్టం పళ్లెంలో పెట్టాలి. తహసీల్దారు వచ్చినా అంతే, పోలీసు పెద్దలు వచ్చినా అంతే, పెళ్లిచూపులకు వచ్చినా అంతే. పెద్దది పెట్టలేదంటే ఇంటి పరువు చిన్నదైనట్టు.

జలపతిరావుకు ఇష్టం లేదు. గుడ్లతో ఉన్న చేపను కోయడం ఎవరికి ఇష్టం? కానీ భూపాల్‌రావు వియ్యంకుడితో, "మా బావ గుంటల బొచ్చె తలకాయ తింటె మళ్ల ఏది తినబుద్ది గాదు" అని అప్పటికే అనేశాడు. గట్టు మీదకు వచ్చి జలపతిరావు గొంతు తగ్గించి చెప్పాడు. "నాగయ్యా, ఒక్కటి పట్టు. ఎర్రదారం ఉన్నదాని జోలికి పోవద్దు. బాలమల్లూ, నువ్వు చూసి ఇయ్యి."

వల లాగారు. నాగయ్య రెండు చేతులూ వేసి ఒకదాన్ని ఎత్తాడు. అంత పెద్దది ఆ గుంటలో మరొకటి లేదు. కడుపు బండలా ఉబ్బి ఉంది.

"గిదే. దారం లేదు. సూసుకో అన్నా."

బాలమల్లు చెయ్యి చాపి వీపు రెక్క మొదట్లో తడిమాడు. నేతగాడి వేళ్లు అవి, చీకట్లో కూడా తెగిన పోగును పట్టుకునే వేళ్లు. పొలుసు కింద ఆవగింజంత గట్టిగా తగిలింది. దారం గుచ్చిన చోటా? పుండు మానిన మచ్చా? గట్టు మీద జలపతిరావు, భూపాల్‌రావు, తెల్ల బట్టల వియ్యంకుడు చూస్తూ నిలబడ్డారు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. రెండేళ్లుగా రాని దగ్గు, ఛాతీ అడుగు నుంచి తెరలు తెరలుగా వచ్చింది. ఆ దగ్గులో అతనికి సాంచెల మోత వినిపించింది.

"ఏమంటవ్ బాలమల్లూ, వంటకు ఇయ్యనా?" అన్నాడు జలపతిరావు.

బాలమల్లు తల ఊపాడు. దగ్గుతో ఊగిందో, సరేనని ఊపాడో, అతనికే సరిగ్గా తెలియదు. నాగయ్య చేపను భుజాన వేసుకుని పోయాడు.

అరగంట ఆగలేక వంటింటి వెనక్కి వెళ్లాడు. వంట చేసే ఐలవ్వ చేపను కోసి కడుగుతోంది. పక్కన పళ్లెంలో గుడ్ల సొన, రెండు దోసిళ్లంత.

"గిన్ని గుడ్లు నేనెన్నడు సూడలే మల్లయ్యా," అంది ఐలవ్వ. "ఏంచి పెడ్త, వియ్యపోళ్లు మురుస్తరు."

"ఈపు రెక్క యాడేసినవ్ అవ్వా?"

ఆమె పొలుసుల కుప్ప వైపు చూపింది. బాలమల్లు గొంతుకూచుని వెతికాడు. పిల్లి లాక్కుపోబోతున్న రెక్కను దొరకబుచ్చుకుని మొదట్లో గోటితో చీల్చాడు. మాంసం లోపల వడ్లగింజంత ఎర్ర పోగు ఉంది. తను పేనిందే. రంగు కొంచెం కూడా దిగలేదు.

లోపల చుట్టాలు తింటున్నారు. తలకాయ బాగుందంటున్నారు, గుడ్ల వేపుడు ఇంకొంచెం వెయ్యమంటున్నారు. లక్షల పిల్లలు, గోదావరి నుంచి అరచేతులతో నీళ్లు చిలికి తెచ్చిన లక్షల పిల్లలు, పళ్లెంలో. బాలమల్లు అక్కడే గోడకానుకుని ఏడ్చాడు. ఐలవ్వ అతని చుట్టమెవరో పోయారనుకుని, "ఊకో బిడ్డా" అంది.

చుట్టాల కారు కదలగానే జలపతిరావు ముందు నిలబడి, అరచేతిలో ఆ రెక్క పెట్టి చూపించాడు. గంజి దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పాడు. జలపతిరావు మొహం పాలిపోయింది.

"ఎన్ని పోయినయి?"

"నాలుగింటికి దారం ఊడింది సారు. ఇయ్యాల ఒకటి పాయె. మూడు మందల ఉన్నయి."

"గంజి ఎందుకు పెట్టినవ్?"

"అలవాటు సారు. గంజి లేంది నా చేతికి దారమే కాదు."

"సరే. చెయ్యి పెట్టి సూసినవ్ గదా. అప్పుడెందుకు చెప్పలే?"

బాలమల్లు లెక్కలో కొలువు ఎలాగూ పోయింది. పోయినదాని కోసం భయపడేది ఏముంటుంది? ఆ తెగింపులో లోపల ఎన్నాళ్ల నుంచో నలుగుతున్న మాట బయటికి వచ్చేసింది.

"నేను తప్పు జేసిన సారు. కాని ఒక్క ముచ్చట. మగ్గానికి పడుగు, పేక అని రెండుంటయి. గట్టి నూలు ఏరి పడుగుకు పెడ్తం, మామూలు నూలు పేకకు పెడ్తం. పడుగు గట్టిగుంటెనే గుడ్డ నిలుస్తది. మనం పన్నెండేండ్ల సంది గట్టి నూలంత వచ్చినోళ్లకు, పోయినోళ్లకు పళ్లెంల పెట్టి పంపుతున్నం. మిగిలిన పేక నూలుతోటి పడుగు పోస్తున్నం. ఇంక మన చేపలు ఎదుగమంటె ఎట్ల ఎదుగుతయి?"

 జలపతిరావు లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మూడు రోజులు ఆయన గట్టు మీదికి రాలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు. నర్మద ఇనప్పెట్టె సర్దింది, మళ్లీ తీసింది, మళ్లీ సర్దింది. "అన్న మాట అన్నవ్, జర మెల్లగ అనరాదా?" అని ఓసారి, "మంచిగనే అన్నవ్ తియ్యి" అని ఓసారి అంది. నాగయ్య నవ్వడం మానేశాడు, అది బాలమల్లును ఇంకా భయపెట్టింది. ఈ మూడు రోజుల్లో అతనికి కొత్త సంగతి ఒకటి తెలిసివచ్చింది. కొలువు పోతుందన్న భయం అలాగే ఉంది గానీ, దాని కింద మరొకటి ఉంది. ఆ మూడు చేపలు ఏమవుతాయి? ఇంకో చుట్టం వస్తే?

నాలుగో రోజు పొద్దున వాన పడింది. ఊరికే జల్లు కాదు, గుంట మీద బుడగలు లేచే వాన. జలపతిరావు గొడుగు కూడా లేకుండా గట్టు మీదికి వచ్చి కేకేశాడు.

"బాలమల్లూ! నాగయ్యా! వల తియ్యిండ్రి."

ఒక్కొక్క చేపనూ తడిగుడ్డలో చుట్టి నాగయ్య పట్టుకున్నాడు. బాలమల్లు కళ్లు మూసుకుని రెక్క మొదట్లో వేళ్లు పెట్టాడు. అతను ఆ రోజు నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. కాళ్లు వణకలేదని తర్వాత నాగయ్య చెబితే గానీ అతనికి తెలియలేదు. ఏడో చేప దగ్గర, "ఇది గోదారిది" అన్నాడు. పందొమ్మిదో దాని దగ్గర మళ్లీ అన్నాడు. చివర్లో రెండు మిగిలాయి. రెండింటికీ ఆ చోట గట్టిగా తగులుతోంది. ఒకటి దారం మచ్చ, ఒకటి పురుగు కుట్టిన మచ్చ. ఏది ఏదో తెలియడం లేదు. తడిమాడు, మళ్లీ తడిమాడు. వానలో జలపతిరావు వంగి చూస్తున్నాడు.

"ఏది?"

ఏదో ఒకటి చూపిస్తే అయిపోయేది. ఎవరు కనిపెడతారు? జలపతిరావుకు కావలసిందీ ఒక జవాబే.

"నాకు తెల్వది సారు," అన్నాడు బాలమల్లు.

జలపతిరావు నిటారుగా నిలబడ్డాడు. "గీ ముక్క గా దినం అంటె, ఆ చేప ఉంటుండె" అన్నాడు. తిట్టినట్టు లేదు, బాధపడ్డట్టుంది. తర్వాత అన్నాడు, "ఆ రెండిట్ని పక్క గుంటల ఇడువు. జత కట్టద్దు, కొయ్యద్దు. తెల్వది అంటె తెల్వదనే ఉండని." వెళ్లబోతూ ఆగి, "ఈసారి నైలాన్ దారం తెప్పిస్త. దానికి గంజి పట్టది" అన్నాడు. బాలమల్లుకు కొలువు ఉందని తెలిసింది అప్పుడే. గట్టు మీద నర్మద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే గోదావరి ఆడచేపల్ని పాత మగవాటితోనూ, పాత ఆడవాటిని గోదావరి మగవాటితోనూ కలిపి, గుడ్లు పెట్టేందుకు సూదిమందు ఇచ్చి, బాలమల్లు నేసిన గుడ్డ పెట్టెల్లో విడిచారు. తెల్లవారేసరికి పెట్టెల నిండా ఉడికిన సగ్గుబియ్యంలా గుడ్లు. నాగయ్యకు నవ్వు తిరిగొచ్చింది. గుడ్లు పిల్లలు కాకముందే వాటికి మల్లన్న బొచ్చెలని పేరు పెట్టాడు. "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని ఐలవ్వ అతన్ని వెక్కిరించింది.

రెండేళ్ల తర్వాత, 1989 ఎండాకాలంలో, గంప బోర్లించిన చెరువు సంఘంవాళ్లే మళ్లీ వచ్చారు. ఏడాది కిందట జలపతిరావు బతిమాలి వాళ్ల చెరువులో మల్లన్న బొచ్చె పిల్లల్ని వేయించాడు. గంపలో ఒక్కటే చేప తెచ్చారు, దాని తోక గంప దాటి వేలాడుతోంది. "సారు, ఏడాదిదే. రెండేండ్లది కాదు" అని సంఘం పెద్ద రెండుసార్లు చెప్పాడు. బాలమల్లు రాత్రిళ్లు నిద్రలేకుండా ఎదురుచూసింది ఈ మాట కోసమే. తీరా విన్నాక ఏం చేయాలో తోచక, చేప చచ్చిపోతుంది, నీళ్లు పొయ్యండని అందరి మీదా అరిచాడు.

ఆ వారమే భూపాల్‌రావు వచ్చాడు. మర్యాద ప్రకారం నాగయ్య వలతో నిలబడ్డాడు. జలపతిరావు బాలమల్లు వైపు తిరిగి, "ఏది కొయ్యాల్నో నువ్వు చెప్పు" అన్నాడు. బాలమల్లు అరచేతి పొడవున్న నాలుగింటిని ఏరి ఇచ్చాడు. అన్నం దగ్గర భూపాల్‌రావు పళ్లెంలోకి చూసుకుని, "బావా, మీ గుంటలు ఎండినయా?" అన్నాడు. "ఎండలే. మా దగ్గర పెద్దయి ఇంటి బిడ్డలు. చుట్టాలకు చిన్నయి పెడ్తం" అన్నాడు జలపతిరావు. భూపాల్‌రావు మరో ఏడాది దాకా ఆ ఇంటికి రాలేదు. పరువు ఏమాత్రం చిన్నది కాలేదు, చేపపిల్లల కోసం బండ్లు మాత్రం జగిత్యాల దాటి నిర్మల్ నుంచి కూడా వచ్చాయి.

బాలమల్లు 1998 దాకా అక్కడే పనిచేశాడు. ఏటా ఎదిగినవాటిని ఏరాడు, జత కట్టాడు, నైలాన్ దారాలు కట్టాడు. కట్టినప్పుడల్లా నాలుకతో తడిపి రుచి చూసేవాడు, గంజి లేదు కదా అని. ఈత మాత్రం నేర్చుకోలేదు.

నాగయ్య కూతురి పెళ్లిలో బంతిలో కూచున్నప్పుడు అతని విస్తట్లో పెద్ద బొచ్చె వీపు ముక్క పడింది. బాలమల్లు దాన్ని బొటనవేలితో తిప్పి, రెక్క ఉన్న చోట మెల్లగా తడిమాడు. ఏ చేప తిన్నా అతను అలాగే చేసేవాడు. పక్కన కూచున్న నర్మద అతని మోచెయ్యి పట్టుకుంది.

"తినయ్యా. అది ఏ చెరువుదో ఏందో. గోదారిది కాదు."

"అవ్ మల్ల," అన్నాడు బాలమల్లు. ఇంకోసారి తడిమి, ఏమీ తగలలేదని రూఢి చేసుకున్నాడు. అయినా ఆ ముక్కను విస్తరి అంచుకు జరిపి, చారు పోయించుకున్నాడు.